రెండు పేర్ల సుఖము, ఒక్క పేరు ఖరీదు

(శతవార్షికోత్సవ సందర్భముగా విజయవాడలో జరిగిన గురువుల, సంఘ పెద్దల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవములో మాట్లాడమన్నప్పుడు ఎవరికైనా మొదట తోచేది గతమును పొగడుట. ఈ నూరేళ్లలో కట్టిన మందిరములెన్ని, పెట్టిన బడులెన్ని, వైద్యము పొందినవారెందరు అని లెక్క చెప్పి కూర్చొంటే అందరికీ సంతోషమే. ఆ లెక్కలు మాకంటే పెద్దలు, అనుభవజ్ఞులు ఈ సంచికలో వ్రాసినారు. మాకు అప్పగించిన అంశము 'సత్యము – స్వాతంత్ర్యము'. ఈ రెండు మాటలను ప్రభువు కలిపి చెప్పిన చోటు యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయము. అక్కడినుండే మొదలుపెట్టెదము.

ఆ అధ్యాయములో ప్రభువు తనను నమ్మిన యూదులతో మాట్లాడుతున్నారు. పరిసయ్యులతో కాదు, విరోధులతో కాదు, నమ్మినవారితో. సత్యము మిమ్మును స్వతంత్రులను చేయునని వారితో చెప్పినారు. ఆ మాటకు వారు సంతోషించవలసినది. వారికి మాత్రము కోపము వచ్చినది. మేము అబ్రాహాము సంతానము, ఎన్నడూ ఎవరికీ దాసులము కాలేదు, మాకు స్వాతంత్ర్యము ఇచ్చుట ఏమిటి అని తిరిగి అడిగినారు.

ఒక్క నిమిషము ఆగి ఆలోచించండి. ఆ మాట అన్నదెవరు? ఐగుప్తులో ఇటుకలు చేసినవారి సంతానము. బబులోనుకు చెరపట్టి తీసుకొనిపోబడినవారి మనుమలు. ఆ మాట అంటున్న నాడు కూడా యెరూషలేము వీధులలో రోమా సైనికుడు బల్లెము పట్టుకొని నిలబడి ఉన్నాడు. వారి మూటలలోని నాణెము మీద కైసరు బొమ్మ ఉన్నది. అయినా మేమెన్నడూ దాసులము కాలేదన్నారు. వారు కావాలని అబద్ధమాడలేదు. ఆ మాట అనుకొంటే ప్రాణమునకు హాయిగా ఉంటుంది, అందుచేత అనుకొన్నారు. అనుకొని అనుకొని నమ్మినారు. సుఖమైన భ్రమ అంటే ఇదే.

మనము కూడా అటువంటి మాట ఒకటి అనుకొంటూ వచ్చినాము. ప్రతి పులుపిటు మీదనుండి, ప్రతి సువార్త కూటములోను, ప్రతి వార్షికోత్సవములోను చెప్పినాము. మేమూ ఎన్నోసార్లు చెప్పినాము. ఆ మాట ఏమనగా, 'మన క్రైస్తవులలో కులము లేదు.'

ఈ మాట ఎంత హాయిగా ఉన్నదో, దాని ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో ఈ వేళ మీ ఎదుట చెప్పదలచినాము. పరుల కథ చెప్పుట సులువు గనుక మా ఇంటి కథతోనే మొదలుపెట్టుచున్నాము.

మేము దివిసీమలో ఒక పల్లెలో పుట్టినాము. మా నాన్న ఆరు రోజులు కూలికి వెళ్లేవారు, ఏడవ రోజు సంఘ పెద్ద. బాప్తిస్మములో మాకు పెట్టిన పేరు ఒకటి. బడిలో వేసిన నాడు రిజిస్టరులో పడిన పేరు మరొకటి. ఆ రెండవ పేరు మా తల్లిదండ్రులు పెట్టినది కాదు, బడి పంతులుగారు పెట్టినది. ఆయన చెడ్డవారు కారు. "ఈ పేరైతే పిల్లవానికి ముందు ముందు పనికొస్తుంది" అని మా నాన్నతో అన్నారట. మతము అన్న గడిలో హిందూ అని వ్రాసుకొన్నారు. మా నాన్న వేలిముద్ర వేసి వచ్చినారు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ పంతులుగారి కొరకు దేవునికి స్తోత్రము చెల్లించినారని మా అమ్మ చెప్పేది.

తరువాత సాంఘిక సంక్షేమ హాస్టలులో చేరినాము. ఆ హాస్టలు అన్నము తిని చదువుకొన్నవారము, ఆ అన్నమును నిందించము. ఆదివారము వచ్చేసరికి హాస్టలు పిల్లలలో సగానికి పైగా స్నానము చేసి, తల దువ్వుకొని గుడికి బయలుదేరేవారము. వార్డెను గారికీ తెలుసు, మాకూ తెలుసు. ఎవరూ ఏమీ అనరు. హాజరు పట్టీలో ఒక పేరుకు పలికేవారము, సండే స్కూలులో మరొక పేరుకు పలికేవారము. ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుకు పలుకుట పదేళ్లు రాకముందే అలవాటైనది. ఆ అలవాటులో బాధ ఏమీ ఉండదు. బాధ లేకపోవుటయే దానిలోని ప్రమాదము.

వేదాంత కళాశాలకు దరఖాస్తు పెట్టిన నాడు మొదటిసారి కలము ఆగినది. 'పేరు' అన్న చోట ఏ పేరు వ్రాయవలెను? అభిషేకము దగ్గరపడిన నాడు మా సంఘములోని పెద్ద ఒకరు, మంచి విశ్వాసి, మమ్మును పక్కకు పిలిచి, "అయ్యా, ఆ సర్టిఫికెట్టు మాత్రము పారేయకు. నీకు అక్కరలేకపోయినా రేపు పిల్లలకు కావలసి వస్తుంది" అన్నారు. ఆయన ప్రేమతోనే చెప్పినారు. మేము చాలా దినములు ప్రార్థన చేసి, తహశీలుదారు కార్యాలయమునకు వెళ్లి, మాకు బి.సి. 'సి' ధ్రువపత్రము కావలెనని అడిగినాము. అక్కడి గుమాస్తా కళ్లద్దములు తీసి మమ్మును తేరిపార చూసి, "సి నుండి ఎస్.సి.కి మార్చమని కాళ్లరిగేలా తిరిగేవాళ్లను చూశామండీ. ఇటునుంచి అటు వెళ్తానన్న మనిషిని మిమ్మల్నే చూడటం" అన్నాడు. ఇద్దరము నవ్వుకొన్నాము. ఆ నవ్వు ఖరీదు ఎంతో ఆ దినము మాకు తెలియదు.

ఇక్కడ చట్టము సంగతి కొంచెము చెప్పవలెను. మన సంఘములలో ఈ కాగితముల కొరకు తిరగని కుటుంబము అరుదు, ఆ ఉత్తర్వులో ఏమున్నదో చదివినవారు కూడా అరుదు.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి పేర వచ్చిన షెడ్యూల్డు కులముల ఉత్తర్వులో మూడవ పేరా ఒకటున్నది. హిందూ మతము కాక వేరే మతమును అవలంబించు వ్యక్తిని షెడ్యూల్డు కులస్థునిగా ఎంచరాదని దాని సారము. 1956లో దానిని సవరించి సిక్కులను చేర్చినారు. 1990లో మరల సవరించి బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవులు, ముస్లిములు బయటనే ఉండిపోయినారు. మన రాష్ట్రములో 1970లో వెనుకబడిన తరగతుల జాబితా వేసినప్పుడు, షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని 'సి' వర్గముగా చేసి ఒక్క శాతము కేటాయించినారు. షెడ్యూల్డు కులములకున్నది పదిహేను శాతము. అదే పల్లె, అదే పేట, అదే పూరిల్లు. ఆదివారము ఎక్కడికి వెళ్తావన్న దానిని బట్టి పదిహేనులో ఉంటావా, ఒకటిలో ఉంటావా అన్నది తేలుతుంది.

దీని మీద కోర్టుకు వెళ్లినవారున్నారు. కృష్ణ దాటితే గుంటూరు. అక్కడి మెడికల్ కాలేజీ సీటు విషయమై వచ్చిన వ్యాజ్యములో 1976లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ విద్యార్థి తల్లిదండ్రులు మాదిగ కులమునుండి క్రైస్తవులైనవారు. అతడు క్రైస్తవునిగానే పుట్టి, 1973లో హిందువుగా మారినాడు. రిజర్వుడు సీటు ఇచ్చినట్లే ఇచ్చి, నీవు పుట్టుకతో హిందువువు కావని రద్దు చేసినారు. కులస్థులు తమలో చేర్చుకొన్నట్లయితే అతడు ఆ కులమువాడే అవుతాడని కోర్టు అతని పక్షమున తీర్పు ఇచ్చినది. మనకు ఇందులో కనబడవలసినది వేరొకటి. తల్లిదండ్రుల కాలములో బాప్తిస్మపు నీటిలో మునిగి చచ్చినదనుకొన్న కులము, కొడుకు తిరిగి వచ్చేవరకు గట్టు మీద కూర్చొని ఎదురు చూచినది.

1985లో సుప్రీంకోర్టు ముందుకు సూసై కేసు వచ్చినది. ఆయన మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టి బ్రతికే క్రైస్తవుడు. ప్రభుత్వము చెప్పులు కుట్టేవారికి ఉచితముగా బంకులు ఇచ్చినప్పుడు, క్రైస్తవుడవు గనుక నీకు లేదన్నారు. అదే రోడ్డు, అదే ఆరె, అదే తోలు. కోర్టు ఏమన్నదనగా, మతము మారిన తరువాత కూడా కులము పేరు మిగిలినదని చూపుట చాలదు. క్రొత్త మతసమాజములో కూడా ఆ బాధలు అంతే తీవ్రముగా కొనసాగుచున్నవని రుజువు చూపవలెను. రుజువు చాలలేదని ఆ కేసు కొట్టివేయబడినది.

సహోదరులారా, ఆ రుజువు ఎవరి దగ్గర ఉన్నది? మన దగ్గర ఉన్నది. మన రిజిస్టర్లలో, మన శ్మశానములలో, మన పెండ్లి చూపులలో ఉన్నది. మనము సాక్ష్యమియ్యలేదు. పైగా ఆదివారము ఆదివారము దానికి వ్యతిరేకముగా సాక్ష్యమిచ్చినాము. క్రైస్తవులలో కులము లేదని మనము ఆదివారము చెప్పుకొన్న గొప్పలే, సోమవారము ఆఫీసులలో మన పిల్లల మీద ఋజువులుగా నిలబడినవి. మీ మతములో కులము లేదంటిరి గదా, మరి కులపు హక్కు మీకెందుకని వారు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు ముడిసరుకు ఇచ్చినది మనమే.

నిజము ఏమిటో మనకు తెలియదా? ఒంగోలు ప్రాంతమున 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి మనము ఇప్పటికీ గర్వముగా చెప్పుకొంటాము. ఆ బాప్తిస్టు సంఘములలో ఎక్కువమంది మాదిగలు. మన కృష్ణా ప్రాంతములో 1859లో బాప్తిస్మము పొందిన రాఘవాపురము పగోలు వెంకయ్య గారు మాలలు. ఆయన తరువాత తొలినాళ్లలో వచ్చినవారిలో ఎక్కువమంది కూడా వారే. దేవుని ఆత్మ ఏ పేటకు ముందు వెళ్లినా అది దేవుని కృప. కాని ఆ తరువాత మనము ఏమి చేసినాము? ఏ పేట మిషను ఆ పేటదిగా, ఏ పేట గుడి ఆ పేటదిగా చేసుకొన్నాము. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు లోకమంతా ఆశ్చర్యపడినది. ఇంగ్లండులో శతాబ్దములుగా విడిపోయి ఉన్న సంఘములను మనము ఒక్కటిగా కలిపినాము. మన పల్లెలో పంట కాలువకు అటొకటి ఇటొకటి ఉన్న రెండు పేటలను మాత్రము కలుపలేకపోయినాము.

బయటివారికి ఈ విషయములో ఏ సందేహము లేదు. 1985 జూలై 17న కారంచేడులో హతులైన ఆరుగురు మాదిగలలో మోషే అన్న పేరువారున్నారు. గొడ్డళ్లు, బరిసెలు పట్టుకొని తరిమినవారు వారి బాప్తిస్మపు సర్టిఫికెట్లు అడుగలేదు. కొట్టేవానికి మన కులము తెలుసు. ప్రభుత్వమునకు మన మతము తెలుసు. ఈ రెంటి మధ్య మనము మాత్రము ఏమీ తెలియనట్లు పాటలు పాడుకొంటున్నాము.

2024 సెప్టెంబరు మొదటి దినములలో మన బెజవాడ ఏమైనదో మీకు చెప్పనక్కరలేదు. సింగ్‌నగర్ వైపు ఇళ్లలో మొదటి అంతస్తు దాకా నీరు వచ్చినది. పడవల మీద అన్నము పొట్లాలు, పాలు పట్టుకొని వెళ్లినవారు మీలోనే చాలామంది ఉన్నారు. అప్పుడు అందరి నోటా ఒకటే మాట: బుడమేరు ఊరి మీదికి వచ్చినదని. బుడమేరు ఎక్కడినుండో రాలేదు. అది ఎప్పుడూ అక్కడనే ఉన్నది. మనమే దాని దారిలో ఇళ్లు కట్టుకొని, కొన్నేళ్లు నీరు కనబడకపోయేసరికి వాగు లేదనుకొన్నాము. కులము కూడా మన సంఘములో అటువంటి వాగు. దాని మీద మందిరము కట్టినాము, రంగులు వేసినాము, లేదనుకొన్నాము. ఒక పెండ్లి మాట వచ్చిన నాడు, ఒక ఎన్నిక వచ్చిన నాడు, ఒక సీటు దగ్గర నీరు గడప దాటుతుంది.

పెండ్లి మాట అన్నాము గనుక మా పాపము ఒకటి ఒప్పుకోవలెను. కొన్నేళ్ల క్రిందట మేము పరిచర్య చేసిన ఒక పాస్టరేటులో ఇద్దరు యౌవనస్థులు, ఇద్దరూ క్వయరులో పాడేవారు, పెండ్లి చేసుకొంటామని మా దగ్గరకు వచ్చినారు. అబ్బాయిది ఒక పేట, అమ్మాయిది మరొక పేట. ఇద్దరూ బాప్తిస్మము పొందినవారు, ప్రభు భోజనములో చేయి వేసేవారు. రెండు వైపుల పెద్దలూ ఒప్పుకోలేదు. మేము ఏమి చెప్పవలసినది? అరటిపండు ఒలిచినట్లు స్పష్టము. మేము చెప్పినది మాత్రము, "కొంత కాలము ఆగండి, ప్రార్థన చేద్దాము" అని. ప్రార్థన అన్న మాటను మేము తలుపు గడియగా వాడుకొన్నాము. సంఘము చీలిపోతుందని భయము. కమిటీ మా మీద ఫిర్యాదు వ్రాస్తుందని భయము. వారు నెల రోజులు చూచి రిజిస్ట్రారు ఆఫీసులో పెండ్లి చేసుకొన్నారు. మరల మన గుడికి రాలేదు. ఆ ఆదివారము మేము ప్రసంగించినది గలతీ పత్రికనుండి. క్రీస్తునందు ఏ భేదము లేదని చాలా చక్కగా చెప్పినామని పెద్దలు మెచ్చుకొన్నారు.

రెండు పేర్లున్నది హాస్టలు పిల్లవానికి మాత్రమే కాదు. సంఘమునకు కూడా రెండు పేర్లున్నవి. ఢిల్లీకి మహజరు పంపేటప్పుడు, మా సంఘములో కులబాధ ఇంకా ఉన్నది, కనికరించండి అంటాము. గుడిలో నిలబడినప్పుడు, మాలో కులము లేదు, రండి చూడండి అంటాము. ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుకు పలుకుతున్నాము. అదే హాయి, అదే అలవాటు.

ఇప్పుడు మా ఇంటి సంగతిలో మిగిలినది చెప్పెదము. మా అమ్మాయి డాక్టరు కావలెనని చిన్ననాటినుండి ఆశ పెట్టుకొన్నది. రెండేళ్లు కష్టపడి పరీక్ష వ్రాసినది. బి.సి. 'సి'లో సీటు అందలేదు. మా సంఘములోనే మరొక అమ్మాయి, మా అమ్మాయికి స్నేహితురాలు, కన్ఫర్మేషను తరగతులలో మా ఎదుటనే కూర్చొన్న బిడ్డ, అంతకంటే తక్కువ ర్యాంకుతో సీటు పొందినది. ఆ ఇంట ఎస్.సి. సర్టిఫికెట్టు ఉన్నది. ఆ రాత్రి మా అమ్మాయి ఏడవలేదు. అన్నము దగ్గర కూర్చొని నెమ్మదిగా అడిగినది: "నాన్నగారూ, మీ కాగితం మీరు వదులుకున్నారు. మంచిదే. నా కాగితం కూడా మీరే ఎందుకు వదిలేశారు?"

మేము ఇరవై ఏళ్లుగా ప్రసంగములు చేయుచున్నాము. ఆ ప్రశ్నకు ఒక్క మాట దొరకలేదు. మా భార్య లేచి మజ్జిగ తెచ్చి వడ్డించినది. అంతే.

మూడవ దినము ఆ రెండవ అమ్మాయి తండ్రి మిఠాయి పొట్లము పట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. గుమ్మము బయటనే నిలబడినాడు. లోపలికి రమ్మన్నాము. తల ఎత్తలేదు. "అయ్యగారూ, మా పిల్ల కోసం ప్రార్థన చేస్తారో చెయ్యరో అని భయపడుతూ వచ్చానండీ" అన్నాడు. సీటు వచ్చిన ఇంటివాడు దొంగవలె నిలబడినాడు. సీటు రాని ఇంటివారము నీతిమంతులవలె నిలబడవలెనని మాకు అనిపించలేదు. ఆ మనిషి మూడెకరాలు కౌలుకు చేసి బిడ్డను చదివించినాడు. ఆ కాగితము అతని తాత నాటినుండి వచ్చినది. అతని బిడ్డ డాక్టరయితే ఆ పేటలో మొదటి డాక్టరు. మేము ఆ అమ్మాయి కొరకు ప్రార్థించినాము, నిండు మనస్సుతోనే ప్రార్థించినాము. అతడు వెళ్లిన తరువాత మాకు తోచినది ఒకటే. రెండు పేర్లతో అతడు సుఖముగా లేడు. ఒక్క పేరుతో మేమూ సుఖముగా లేము. ఇద్దరి మెడ మీద ఈ భారమును పెట్టి సుఖముగా ఉన్నది సంఘము.

ఇదే ఈ వేళ మేము చెప్పవలెనని వచ్చిన మాట. స్వాతంత్ర్యము ఉచితమని మనము ప్రసంగించినాము. కృప ఉచితమే, సందేహము లేదు. ఒప్పుకోలుకు మాత్రము లోకములో ఖరీదున్నది. మన పూర్వులకు ఆ సంగతి తెలుసు. 1852లో బందరులో రాబర్టు నోబులు గారి బడిలో చదివే మంచాల రత్నం గారు, ఐనాల భూషణం గారు బాప్తిస్మము తీసుకొన్నప్పుడు ఆ బడి ఒక్కసారిగా ఖాళీ అయినది. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు వెలమలు. అంబేద్కరు గారు 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలమందితో బౌద్ధము స్వీకరించినారు. వారిని షెడ్యూల్డు కులములలో గుర్తించుటకు కేంద్రమునకు 34 ఏళ్లు పట్టినది. అంతకాలము ఆ ఖరీదు వారు చెల్లించినారు. అయితే వారు గుంపుగా చెల్లించినారు. మనము ఏమి చేయుచున్నాము? ఖరీదును ఒక్కొక్క ఇంటి మీద వేసి, నిజము చెప్పిన ఇంటిని చూచి 'పాపము' అని, చెప్పని ఇంటిని చూచి చూడనట్లు ఊరుకొంటున్నాము. సత్యమును పొగిడే సంఘము సత్యమునకు అయ్యే ఖర్చు కూడా భరించవలెను. భరించలేనప్పుడు పొగుడుట మానవలెను.

ఏమి చేయవలెనని మీరు అడుగుతారు. మాకు తోచినవి నాలుగు చెప్పి ముగించెదము.

మొదటిది, మూడవ పేరాను గురించి మన సంఘములలో బహిరంగముగా మాట్లాడవలెను. అది తీసివేయవలెనని రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో సిఫారసు చేసినది. మన శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్.సి. హోదా ఇవ్వమని కేంద్రమును కోరుతూ తీర్మానము చేసినది. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ గారి అధ్యక్షతన కేంద్రము మరొక కమిషనును వేసినది. 2025లో మన హైకోర్టు, ఒక పాస్టరుగారు పెట్టిన అత్యాచార నిరోధక చట్టపు కేసును, క్రైస్తవుడవు గనుక ఆ చట్టము నీకు వర్తించదని కొట్టివేసినది. ఇవన్నీ మన బిడ్డల సంగతులు. గుసగుసలాడుటకు ఇందులో సిగ్గుపడవలసినదేదీ లేదు. న్యాయము అడుగుట బిచ్చము కాదు.

రెండవది, న్యాయము అడుగుటకు ముందు నిజము ఒప్పుకోవలెను. మన డయాసిస్‌లో ఏ గుడి ఏ పేటది, ఏ శ్మశానములో ఎవరికి చోటు లేదు, ఏ పెండ్లిని ఎవరు ఆపినారు అన్నది మనమే వ్రాసి పెట్టవలెను. ఆ జాబితాలో మొదటి పేరు మాది వ్రాసుకోండి. ఆ ఇద్దరు యౌవనస్థులను వెదకి, వారి ఇంటికి వెళ్లి, క్షమాపణ అడిగి వచ్చినాము. కాఫీ ఇచ్చినారు. మరల గుడికి వస్తామని చెప్పలేదు. అడుగుటకు మాకు నోరు రాలేదు.

మూడవది, రెండు పేర్లతో బ్రతుకుచున్న ఏ విశ్వాసిని కూడా ప్రభువు బల్ల దగ్గర చిన్నచూపు చూడరాదు. ఆ రెండవ పేరు అతడు పెట్టుకొన్నది కాదు. ఆకలి పెట్టినది, చట్టము పెట్టినది, మన మౌనము పెట్టినది. రాళ్లు తీసుకొనే హక్కు మనలో ఎవరికీ లేదు.

నాలుగవది ముఖ్యము. బిషప్ అజరయ్య గారి కాలములో మన పల్లెల స్త్రీలు అన్నము వండే ప్రతిసారి ఒక పిడికెడు బియ్యము తీసి దేవుని కొరకు విడిగా పెట్టేవారు. ఆ పిడికెడు బియ్యముతో ఉపదేశులను పోషించినారు. తమ ఇంట రెండు పూటలా కుండ పొయ్యి మీదికి ఎక్కని దినములలో చేసిన పని అది. ఈ శతవార్షికోత్సవములో ఆ పిడికెడు బియ్యమును మరల మొదలుపెట్టెదము. ఒక్క పేరుతో నిలబడినందుకు సీటు పోగొట్టుకొన్న బిడ్డల చదువుకొరకు ప్రతి పాస్టరేటునుండి ఒక నిధి చేయవలెను. అది చాలదని మాకు తెలుసు. ఒక మెడికల్ సీటు ఖరీదు ఎన్ని పిడికిళ్లో లెక్క వేయలేము. అయినా ఆ బిడ్డ రేపు తండ్రిని ప్రశ్న అడిగినప్పుడు, తండ్రి ఒంటరిగా కూర్చొని ఉండడు. అతని వెనుక సంఘము నిలబడి ఉంటుంది.

మా అమ్మాయి ఇప్పుడు నర్సింగు చదువుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు మాతో నవ్వుతూ మాట్లాడుతుంది, గుడిలో పాడుతుంది. ఆ రాత్రి అడిగిన ప్రశ్నను మరల అడుగలేదు. అడుగనంత మాత్రమున తీరిపోయిన ప్రశ్న కాదది. ఆ ప్రశ్నకు జవాబు మా దగ్గర లేదు. ఒక్క తండ్రి దగ్గర ఉండే జవాబు కూడా కాదది. సంఘము దగ్గర ఉండవలెను.

ఎనిమిదవ అధ్యాయము ఎట్లు ముగుస్తుందో మీకు జ్ఞాపకమే. స్వాతంత్ర్యమును గూర్చి విన్నవారు చివరకు రాళ్లు ఎత్తినారు. ఈ ప్రసంగము విని మీలో కొందరికి కోపము వచ్చి ఉండవచ్చును. రాళ్లు ఎత్తండి, ఫరవాలేదు. వాటితో గోడ మాత్రము కట్టకండి. పంట కాలువ మీద వంతెన కట్టండి.

దాసులమని ఒప్పుకొన్న నాడే స్వాతంత్ర్యము మొదలగునని నమ్మి, మన ప్రభువైన యేసుక్రీస్తు కృప మన అందరికి తోడై యుండునట్లు వేడుకొనుచున్నాము. ఆమేన్.